చెరువు కట్ట నుంచి అడవి దాకా: పక్షులను, జంతువులను ఫొటో తీసి గుర్తుపట్టడం ఎలా?

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఉండేవారు ఈ అభిరుచి కోసం దూరం పోవలసిన అవసరం లేదు. ఊరికొక చెరువు, చెరువు వెనక బండల గుట్ట, గుట్ట చుట్టూ జొన్న, పత్తి, వరి చేన్లు, గట్ల మీద తాటిచెట్లు ఉన్న నేల మనది. ఒక్కో చోటికి ఒక్కో రకం పక్షులు అలవాటు పడి ఉంటాయి. అయినా చాలామంది కెమెరా కొన్న వారానికే అమ్రాబాద్ అడవికి బయలుదేరి, పులి కనిపించలేదని నిరుత్సాహపడి, ఆ కెమెరాను బీరువాలో పెట్టేస్తున్నారు. నేను చెప్పే పద్ధతి ఇది: ఒక చోటును ఎంచుకుని ఏడాదంతా అక్కడికే మళ్లీ మళ్లీ వెళ్లండి, ముందు గుర్తుపట్టడం కోసం ఫొటో తీయండి. పక్షి అలవాటు తెలిశాక మంచి ఫొటో తీయడం సులభమవుతుంది.

ముందు ఒక చెరువును ఎంచుకోండి

ఇంటి నుంచి అరగంటలో చేరుకోగలిగిన నీటి వనరు ఏదైనా సరిపోతుంది. నల్గొండ వారికి పానగల్లు దగ్గరి ఉదయ సముద్రం ఉంది, మహబూబ్‌నగర్ వైపు కోయిల్‌సాగర్ ఉంది, గద్వాల వారికి జూరాల, దేవరకొండ వైపు వారికి డిండి జలాశయం ఉన్నాయి. పేరున్న జలాశయమే కావాలని లేదు. విశాలమైన జలాశయంలో పక్షులు చాలా దూరంగా ఉండి చిన్న చుక్కల్లా పడతాయి కాబట్టి, కొత్తవారికి ఊరి చిన్న చెరువే మేలని నా అభిప్రాయం.

మొదటి రోజు కెమెరా తీయకుండా కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. సూర్యుడు ఎటు నుంచి లేస్తున్నాడు, తూము ఎక్కడుంది, మిగులు నీళ్లు పొర్లే మత్తడి ఎక్కడుంది, నీళ్లు తగ్గినప్పుడు బురద ఎటువైపు తేలుతుంది, పశువులు ఎక్కడ దిగుతాయి అన్నవి చూసుకోండి. తూము దగ్గర పారే నీళ్లలో చేపల కోసం లకుముకిపిట్టలు, కొంగలు కాపు కాస్తాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నిండు నీటిలో వలస బాతులు, బొల్లికోళ్లు గుంపులుగా ఉంటాయి. నెత్తి మీద రెండు నల్లని పట్టీలుండే బాతులు మధ్య ఆసియా వైపు నుంచి హిమాలయాలు దాటి మన చెరువులకు వచ్చేది కూడా ఈ నెలల్లోనే. మార్చి, ఏప్రిల్ నాటికి నీళ్లు వెనక్కి పోయి శిఖం, అంటే చెరువు లోపలి నేల, బయటపడితే, మిగిలిన మడుగుల్లో చేపల కోసం ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి. ఒకే చెరువు ఏడాదిలో ఇన్ని రకాలుగా మారుతుంది కాబట్టే అక్కడికే మళ్లీ వెళ్లమని చెబుతున్నాను.

కెమెరా, బైనాక్యులర్

డబ్బు పరిమితంగా ఉంటే మొదట కొనవలసినది బైనాక్యులర్. 8x42 రకం (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) చేతిలో వణకకుండా నిలుస్తుంది, ఉదయపు మసక వెలుగులో కూడా బాగా చూపిస్తుంది. పక్షిని అయిదు నిమిషాలు బైనాక్యులర్‌లో చూసినవారు తీసే ఫొటోకూ, కనిపించగానే మీట నొక్కినవారి ఫొటోకూ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఫోన్ కెమెరాతో దూరపు పక్షిని తీయడం కష్టమే అయినా, చెట్టును, నీటి అంచును, పిట్ట వాలిన చోటును ఫోన్‌తో ఫొటో తీసుకోవడం, దాని అరుపును రికార్డు చేసుకోవడం తరువాత గుర్తుపట్టేటప్పుడు చాలా పనికొస్తాయి. లెన్స్ మార్చనవసరం లేని సూపర్ జూమ్ కెమెరాలు కొత్తవారికి తేలిక. లెన్స్ మార్చే కెమెరా ఉన్నవారికి 300 మిల్లీమీటర్లు కనీసం కావాలి, 400 గానీ 600 గానీ ఉంటే పక్షిని కలవరపెట్టకుండా దూరం నుంచే తీయవచ్చు. పెద్ద లెన్స్‌ను గంటసేపు చేతులతో మోయలేరు. బియ్యమో, రాగులో మూడు వంతులు నింపి కుట్టిన గుడ్డసంచిని కారు కిటికీ మీదో, కట్ట రాయి మీదో పెట్టి దాని మీద లెన్స్‌ను ఆనించండి. ట్రైపాడ్ కంటే ఇది చాలాచోట్ల అనుకూలంగా ఉంటుంది.

వెళ్లే వేళ, నిలబడే తీరు

సూర్యోదయానికి పావుగంట ముందే అక్కడ ఉండండి. మన ప్రాంతంలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఎండాకాలంలో తొమ్మిది దాటితే నేల, నీటి అంచు, బండలు వేడెక్కి పైకి లేచే గాలి అలలు అలలుగా కదులుతుంది. ఆ గాలి గుండా వంద మీటర్ల దూరంలోని పక్షిని ఎంత ఖరీదైన లెన్స్‌తో తీసినా ఫొటో మసకగానే వస్తుంది. చాలామంది లెన్స్ పాడైందని అనుకుంటారు. అలాంటి వేళ దూరపు పక్షిని వదిలేసి, చెట్టు నీడలో దగ్గరగా ఉన్న పిట్టలను చూడటం మంచిది.

సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ బట్టలు వేసుకోండి. పక్షి వైపు తిన్నగా నడవకుండా, పక్క నుంచి వెళ్తున్నట్టుగా ఏటవాలుగా నడుస్తూ మధ్యమధ్యలో ఆగండి. అది మేత మాని మెడ నిక్కించి మిమ్మల్ని చూస్తే మీరు మరీ దగ్గరికి వచ్చినట్టు. అక్కడే కూర్చుని కదలకుండా ఉంటే, కొంతసేపటికి అది మళ్లీ మేతకు దిగుతుంది.

కెమెరాలో ముందే సరిచేసుకోవలసినవి

వాలి ఉన్న పక్షికి షట్టర్ స్పీడ్ 1/500 సెకను, మేస్తూ కదిలే దానికి 1/1000, ఎగిరే దానికి 1/2000 పెట్టుకోండి. చేతిలో పట్టుకుని తీస్తే షట్టర్ స్పీడ్‌లోని కింది అంకె లెన్స్ మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, అంటే 400 మిల్లీమీటర్ల లెన్స్‌కు కనీసం 1/400 ఉండాలి. ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) పెరిగితే ఫొటోలో గరుకు కనిపిస్తుందని భయపడి షట్టర్ స్పీడ్ తగ్గించుకోకండి. గరుకుగా ఉన్న ఫొటోలో ముక్కు రంగు, కాళ్ల రంగు తెలుస్తాయి, కదిలిపోయిన ఫొటోలో ఏదీ తెలియదు. ఫోకస్‌ను కదిలే వస్తువును వెంబడించే పద్ధతిలో ఉంచి, ఒకే బిందువును కంటి మీద పెట్టండి.

వెలుగు కొలత దగ్గర కెమెరా తరచూ పొరబడుతుంది. ఎండలో తెల్లకొంగను తీస్తే ఈకల గీతలు పోయి ఒట్టి తెల్లని మచ్చగా మిగులుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను అంటే ఫొటో వెలుగును పెంచి తగ్గించే అమరికను, మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా తగ్గించండి. ఆకాశం ముందు తీగ మీద కూర్చున్న ఏట్రింతను (చీలిన తోక ఉన్న నల్లని పిట్ట) తీసేటప్పుడు ప్లస్ 1 దాకా పెంచకపోతే నల్లని నీడ తప్ప మరేమీ రాదు.

మన రాష్ట్ర పక్షి పాలపిట్టను తీస్తూ ఇదంతా సాధన చేయవచ్చు. రోడ్డు పక్క కరెంటు తీగ మీద అది గోధుమ, నీలం కలిసిన సాదా పిట్టలా కూర్చుని ఉంటుంది. తల వంచి కింది గడ్డిలోకి చూస్తూ ఉంటుంది, మిడతో తేలో కనిపించగానే తోకను ఒక్కసారి పైకి కిందికి కదిలించి, రెక్కలు విప్పి కిందికి జారుతుంది. ఆ క్షణంలో రెక్కల మీద ముదురు నీలం, లేత నీలం పట్టీలు విచ్చుకుంటాయి. చాలామంది ఆ క్షణం వెంట కెమెరాను తిప్పబోయి ఖాళీ ఆకాశాన్ని తీస్తారు. దాని వెంట పడకండి. పాలపిట్ట, ఆకుపచ్చని పసిరిక పిట్ట, ఏట్రింత, లకుముకిపిట్ట వేట ముగించుకుని తరచుగా అదే తీగకు, అదే కొమ్మకు తిరిగి వస్తాయి. ఫోకస్‌ను ఆ తీగ మీదే ఉంచి, 1/2000 పెట్టుకుని, రెక్కలకు చోటు మిగిలేలా జూమ్ కొంచెం తగ్గించి వేచి ఉండండి. తిరిగి వచ్చి వాలేటప్పుడు వేగం తగ్గి రెక్కలు పూర్తిగా పరుచుకుంటాయి. దసరా నాడు చూస్తే శుభమని పాలపిట్టను పంజరంలో పెట్టి తిప్పేవారు కొన్నిచోట్ల ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, పైగా అలా పట్టిన పక్షుల్లో చాలా చచ్చిపోతాయి. పంజరంలోని పక్షిని ఫొటో తీసి ఆ పనికి ప్రచారం కల్పించకండి.

గుర్తుపట్టడానికి తీసే ఫొటోలు

ఒకే భంగిమలో యాభై ఫొటోలు తీయడం వల్ల ప్రయోజనం లేదు. కనిపించగానే దూరం నుంచైనా ఒకటి తీసి ఉంచుకుని, ఆ తరువాత ముక్కు కనిపించే పక్క ఫొటో, కాళ్లు కనిపించేది, వీపు, తోక అడుగుభాగం, ఎగిరితే రెక్కల పైభాగం ఇలా ఒక్కొక్కటి చేర్చుకోండి. చుట్టూ ఉన్న చోటు తెలిసేలా జూమ్ తగ్గించి ఒకటి తప్పకుండా తీయండి. పక్కన తెలిసిన పిట్ట ఉంటే రెండూ కలిసేలా తీస్తే పరిమాణం తెలుస్తుంది. పిచ్చుకంత, గోరింకంత, కాకంత, గద్దంత అని నాలుగు కొలతలు పెట్టుకుంటే పోల్చుకోవడం సులువు.

రంగును చివరి సాక్ష్యంగా తీసుకోండి. రంగు వెలుగును బట్టి, వయసును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. మగ కోకిల నల్లగా, ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటే అవి రెండు వేర్వేరు పిట్టలని అనుకునేవారు ఎందరో. గరుడ పక్షి పిల్ల గోధుమ రంగులో మామూలు గద్దలాగే కనిపిస్తుంది, కానీ తోక చివర చూస్తే గరుడ పక్షిది గుండ్రంగా, గద్దది చీలినట్టుగా ఉంటుంది. అందుకే ముందు పరిమాణం, ఆ తరువాత ముక్కు ఆకారం, కాళ్లు, తోక, ప్రవర్తన, ఉన్న చోటు, నెల చూసి, అప్పుడు రంగు దగ్గరికి రండి.

చెరువు దగ్గర అందరినీ తికమక పెట్టేవి తెల్లకొంగలు. తెల్లగా కనిపించినవన్నీ కొంగలే అని వదిలేస్తే నాలుగు జాతులు ఒకటైపోతాయి. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా ఉండి, నీటిలోంచి కాలు ఎత్తినప్పుడు వేళ్లు పసుపు పచ్చగా కనిపిస్తే అది చిన్న తెల్లకొంగ. పశువుల వెంట తిరుగుతూ, పొట్టి మెడ, పసుపు ముక్కుతో ఉండేది పశువుల కొంగ, గుడ్లు పెట్టే కాలంలో దాని తలా మెడా నారింజ రంగుకు తిరుగుతాయి. మిగిలిన రెండు, నడిమి కొంగ, పెద్ద కొంగ, మామూలు రోజుల్లో రెండూ పసుపు ముక్కుతోనే ఉంటాయి. వాటి పరిమాణం దూరం నుంచి మోసం చేస్తుంది. తల పక్క నుంచి తీసిన ఫొటోను పెద్దది చేసి, నోటి చీలిక వెనక్కి ఎంత దూరం పోయిందో చూడండి. ఆ గీత కంటి కిందే ఆగితే నడిమి కొంగ, కంటిని దాటి వెనక్కి పోతే పెద్ద తెల్లకొంగ.

గుడ్డికొంగ కూడా ఇలాంటి పాఠమే చెబుతుంది. ఒడ్డున కూర్చుంటే మట్టిరంగులో కలిసిపోయి కనిపించదు, లేచి ఎగిరితే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. మా చెరువులో వల వేసే ఒక పెద్దాయనను, "తాతా, దీన్ని మీరేమంటరు?" అని అడిగితే, "గుడ్డికొంగ బిడ్డా, కండ్లు కనవడనట్టే కూసుంటది, చేప దగ్గరికొస్తే మాత్రం ఇడ్వదు" అన్నారు. దాని ప్రవర్తన అంతా ఆ ఒక్క మాటలో ఉంది. చేపలు పట్టేవారు, గొర్ల కాపరులు, తాటిచెట్లెక్కేవారు వాడే పేర్లను తప్పకుండా రాసుకోండి. ఊరు మారితే పేరు మారుతుంది కాబట్టి, ఏ ఊళ్లో విన్నారో కూడా పక్కన రాయండి.

చేన్లలో జొన్న కంకి పాలు పోసుకునే వేళ గులాబీ రంగు ఒళ్లు, నల్లని తల ఉన్న వలస గోరింకలు గుంపులుగా దిగుతాయి. వానలు మొదలయ్యాక బావుల మీదికి వంగిన ఈతచెట్లకు, తుమ్మచెట్లకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతాయి. సగం అల్లిన గూటికి మగపిట్ట వేలాడి రెక్కలు కొట్టడం, ఆడపిట్ట వచ్చి పరిశీలించడం దూరం నుంచే హాయిగా తీయవచ్చు. తాటిమట్టల చుట్టూ రోజంతా వాలకుండా తిరిగే సన్నని పిట్టలు తాటి స్విఫ్ట్‌లు, వాటి గూళ్లు తాటాకు అడుగునే ఉంటాయి.

పేరు తేల్చుకోవడం

కార్నెల్ పక్షి పరిశోధనశాల రూపొందించిన మెర్లిన్ యాప్‌లో మన ప్రాంతపు పక్షుల ప్యాక్‌ను ఇంట్లోనే దింపుకుంటే చెరువు దగ్గర సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది. అది చూపే మొదటి పేరును తీర్పుగా కాకుండా సూచనగా తీసుకుని, ఆ పక్షి మన ప్రాంతంలో ఆ నెలలో ఉంటుందా అని సరిచూసుకోండి. జంతువులు, తొండలు, సీతాకోకచిలుకలు, సాలీళ్లకు ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్ అనుకూలం, అక్కడ తెలిసినవారు మీ ఫొటో చూసి సరిదిద్దుతారు. రోజువారీ పక్షుల జాబితాను పక్షుల నమోదు వెబ్‌సైట్ అయిన ఈబర్డ్‌లో పెట్టండి. సందేహం ఉన్నచోట జాతి తేల్చకుండా "కొంగ జాతి" అని నమోదు చేసే వీలు అందులో ఉంది. తప్పు పేరు కంటే అదే మేలు.

జంతువుల దగ్గరికి

జంతువులను తీయడం చేన్ల నుంచే మొదలవుతుంది. నారాయణపేట జిల్లాలో కృష్ణా తీరాన ఉన్న చేన్లలో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. మెలి తిరిగిన కొమ్ములతో, వీపు ముదురు రంగులో ఉన్నది మగది, కొమ్ములు లేకుండా లేత గోధుమ రంగులో ఉన్నది ఆడది. వాటి వల్ల పంట నష్టపోయిన రైతు కోపంగా ఉండవచ్చు. "అన్నా, మీ చెలకల నిలబడి ఫొటో తీసుకోవచ్చా?" అని అడిగి, ఆయన చెప్పేది విని, గట్టు మీద నుంచే తీయండి. మందను పరుగెత్తించి తీసిన ఫొటో నాకు నచ్చదు. భయపడిన జంతువు మెడ, కన్ను చూస్తేనే తెలిసిపోతుంది.

చీకటితో చేన్ల మధ్య నడవకండి. అడవి పందుల కోసం కొన్నిచోట్ల చట్టవిరుద్ధంగా కరెంటు తీగలు పెడుతున్నారు, వాటి వల్ల మనుషులు కూడా చనిపోతున్నారు. తెల్లవారేదాకా బండి బాట మీదే ఉండండి.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2014లో రాష్ట్రం విడిపోయేదాకా నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంలో భాగంగా ఉండేది. ఇప్పుడు దాని విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. అనుమతి లేకుండా లోపలికి నడిచి వెళ్లడం నేరం కాబట్టి, మన్ననూర్ దగ్గర అటవీశాఖ నడిపే సఫారీలోనే వెళ్లండి. వానాకాలంలో సాధారణంగా సఫారీ ఉండదు, ముందే కనుక్కోండి. శ్రీశైలం దారిలో అడవి భాగాన్ని రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసివేస్తారు. అడవిలో కణితి అనే పెద్ద జింకను, చుక్కల దుప్పిని చూసేటప్పుడు చుక్కలున్నాయా, ఒంటి పరిమాణం ఎంత అన్నవి గమనించండి.

జంతువు కనిపించకున్నా దాని అడుగు కనిపిస్తుంది. అడుగు పక్కన 27 మిల్లీమీటర్ల పది రూపాయల నాణెం పెట్టి, సరిగ్గా పైనుంచి ఒకటి, ఉదయపు ఏటవాలు వెలుగులో పక్క నుంచి ఒకటి తీయండి. పిల్లిజాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి చిరుత, పులి అడుగుల్లో గోళ్ల గుర్తులు సాధారణంగా ఉండవు. కుక్క, తోడేలు, నక్క అడుగుల్లో ఉంటాయి. పుట్టలు లోతుగా తవ్వి ఉంటే ఎలుగుబంటి వచ్చిందని అనుమానించి, ఆ గుట్ట వైపు పోకుండా వెనక్కి తిరగండి.

చేయకూడనివి

గూటిలోని గుడ్లను, పిల్లలను దగ్గరి నుంచి తీయకండి. తీతువు అరిస్తే కీడని మన ఊళ్లలో అంటారు. ఆ పిట్ట నిజంగా చెబుతున్నది వేరు. కంకర నేల మీద, కంకర రంగులోనే ఉండే గుడ్లకు మీరు దగ్గరగా వచ్చారని అరుస్తోంది. మీ నెత్తి మీద చక్కర్లు కొడుతూ అరిస్తే, కింద చూసుకుంటూ వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లండి. ఎండ వేళ మీరు అక్కడే నిలబడితే గుడ్లు వేడికి పాడవుతాయి. ఫోన్‌లో అరుపులు వినిపించి పక్షిని బయటికి రప్పించడం, గుడ్లగూబ మీద ఫ్లాష్ వేయడం, మేత వేసి పిలవడం మానుకోండి. గూడు, ఒళ్లంతా పొలుసులుండే అలుగు అనే జంతువు, గుడ్లగూబ ఉన్న చోటు కచ్చితమైన గుర్తులతో ఎక్కడా పెట్టకండి, వేటగాళ్లకు అదే దారి చూపుతుంది.

ఇంటికి వచ్చిన రాత్రే చేయవలసినవి

ఫొటోలను కార్డులోనే వదిలేయకుండా ఆ రాత్రే రెండు చోట్ల భద్రపరచండి. ఫోల్డర్‌కు ముందు ఏడాది, నెల, తేదీ, ఆ తరువాత చెరువు పేరు పెడితే అవి వరుసలో నిలుస్తాయి. కంటి మీద ఫోకస్ లేనివాటిని తీసేయండి, కానీ గుర్తుపట్టని పక్షి ఫొటో ఎంత చెడ్డగా ఉన్నా "తెలియదు" అనే ఫోల్డర్‌లో ఉంచండి. నోటు పుస్తకంలో వేళ, గాలి, నీటి మట్టం, సంఖ్య, ఏం చేస్తోందన్నది రెండు వాక్యాల్లో రాయండి.

ఆరు నెలలకోసారి ఆ ఫోల్డర్‌నూ, పాత జాబితాలనూ మళ్లీ తెరవండి. నేను మొదటి ఏడాది పెద్ద తెల్లకొంగ అని రాసుకున్న వాటిని ఇలా ఒక ఆదివారం కూర్చుని పెద్దవి చేసి చూశాను. తొమ్మిది ఫొటోల్లో నోటి గీత కంటి కిందే ఆగి ఉంది. ఆ తొమ్మిదింటినీ నడిమి కొంగగా మార్చి, పక్కన సరిదిద్దిన తేదీ వేశాను.